డాక్టరు దొర పూలపెట్టెలు

పాదాల కింద తడి తగులుతుంది. వాననీళ్ళే అనుకుంటారు, పొద్దుట్నుంచీ పెంకుల సందుల్లోంచి కారుతూనే ఉంది కదా అని. వంగి వేలు ముంచి నాలిక్కి రాసుకుంటారు.

ఉప్పగా ఉంది.

ఎక్కడున్నారో ఒకసారి చూసుకోండి. ఇది ఇంజరం. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో, కోరంగి మడ అడవుల పక్కన ఉన్న ఊరు. నేతగాళ్ళ దగ్గర గుడ్డ కొని ఓడలకెక్కించడానికి ఈస్టిండియా కుంపిణీవాళ్ళు ఇక్కడ కొఠీ పెట్టారు. 1780ల దశాబ్దం నడుస్తోంది. తుపాను వస్తోందని ముందుగా చెప్పే దిక్కు లేదు. గాలి ఈశాన్యానికి తిరిగిందనీ, ముసలి బెస్తవాళ్ళు నావల్ని ఊళ్ళోకి లాగేసుకున్నారనీ మాత్రం మీకు తెలుసు. అది చూసైనా మీరు లేచి పోవలసింది. పోలేదు. ఈ గదిలో ఉన్న పెట్టెలకు మీరు కాపలా.

పెట్టెలు డాక్టరు దొరవి. కొన్నిట్లో పుస్తకాలు, సీమనుంచి ఓడలో నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చినవి. కొన్నిట్లో ఆయన చేత్తో రాసుకున్న కాగితాలు. మిగతావాటిలో మొక్కలు. అదిమి, ఎండబెట్టి, కాగితాల మధ్య పరిచిన కొమ్మలు, ఆకులు, పూలు. వాటిలో చాలావాటిని మోసుకొచ్చింది మీరే. ఏ కొమ్మ ఏ గట్టున కోశారో ఇప్పటికీ చెప్పగలరు.

నీళ్ళు చీలమండలు దాటాయి.

ఒక పెట్టె భుజాన వేసుకోగలరు. ఒక్కటే. ఏది? పుస్తకాలు డబ్బు పెడితే మళ్ళీ వస్తాయి. కాగితాలు రాసినవాడు బతికుంటే మళ్ళీ రాస్తాడు. మొక్కలు? ఏళ్ళ తరబడి తిరిగితేగాని దొరకవు.

మోకాళ్ళ లోతు.

మొక్కల పెట్టె ఎత్తుతారు. తలుపు తోస్తారు. రాదు. అవతలినుంచి నీళ్ళు నెడుతున్నాయి. కిటికీ. పెట్టె ముందు, మీరు వెనక. బయట చీకటి. గాలి ఊపిరి తీసుకోనివ్వదు. నడుము లోతు. తాడిచెట్టు ఎటువైపుందో తెలుసు. చెయ్యి చాపుతారు. కొమ్ము తగుల్తుంది. గేదె. ఈదుతోంది. పోయింది.

ఛాతీ లోతు. పెట్టె బరువెక్కుతోంది. లోపల కాగితం నీళ్ళు తాగుతోంది.

చెట్టు దొరికింది. ఒక చెయ్యి చెట్టుకి. ఒక చెయ్యి పెట్టెకి.

ఇంకో అల.

రెండు చేతులూ చెట్టుకి.

తెల్లారేసరికి ఊరికీ ఏటికీ తేడా లేదు. బురద, గొడ్ల కళేబరాలు, విరిగిన మగ్గాల కర్రలు. మొగలి పొదకు ఒక కాగితం అంటుకుని ఉంటుంది. ఒలిచి చూస్తారు. మొక్క లేదు, మొక్క ఉన్నచోట గోధుమరంగు మరక ఉంది. పుస్తకాల పెట్టె లేదు. రాతల పెట్టె లేదు. కొన్నేళ్ళ పని మొత్తం ఒక్క రాత్రికి సరి.

ఎండిన ఆకుల కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏమిటని మీకు ఈపాటికి అనిపించే ఉంటుంది. పొరుగింటివాళ్ళకీ అదే అనిపిస్తోంది. ఒక మొక్క కొత్తదని లోకానికి చెప్పాలంటే, కొత్తదని ఊరికే అంటే కుదరదు. కొమ్మ చూపించాలి. పువ్వు విప్పి లోపల కేసరాలెన్నో లెక్కపెట్టాలి. స్వీడన్‌లో లిన్నేయస్ 1753లో అచ్చువేసిన పుస్తకం ముందు పెట్టుకుని, అందులో లేదని తేల్చుకోవాలి. ఆపైన లాటిన్‌లో రాయాలి. ఆ మాట రేపు ఎవరైనా కాదంటే తీసి చూపించడానికి ఎండిన కొమ్మ ఉండాలి. కొమ్మ పోతే సాక్షి పోయినట్టే. ఈ తీరంలో ఆ సాక్షిని కాపాడడం ఎంత తంటానో మీ చేతులకు తెలుసు. కాగితాలు రోజూ మార్చాలి. తడి కాగితం ఎండలో వెయ్యాలి, పొడి కాగితం తెచ్చి పెట్టాలి. ఒక్క పూట మరిస్తే బూజు. బూజు తప్పితే పురుగు. పురుగు తప్పితే ఇదిగో, ఉప్పెన.

డాక్టరు పేరు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లాండులో 1751లో పుట్టాడు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ అనే ఆచార్యుడి దగ్గర మొక్కల పాఠం నేర్చుకున్నాడు. కుంపిణీ ఓడల మీద వైద్యుడికి సహాయకుడిగా సముద్రం దాటాడు. 1776లో మద్రాసు కొలువులో చేరాడు. గాలీ ఎండా కూడా లెక్కరాసే మనిషి: మద్రాసులో ఉండగా రోజూ రాసుకున్న వాతావరణం చిట్టాను లండన్ రాయల్ సొసైటీ అచ్చువేసింది. 1781లో సామర్లకోట దండుకు వైద్యుడిగా వచ్చాడు. సిపాయిల పుండ్లు కడగడం కొలువు, మొక్కలు వెతకడం వ్యసనం.

ఈ వ్యసనానికి ఆయనకొక గురువున్నాడు. 1785 జూన్. కాకినాడ పక్కన జగన్నాథపురంలో ఒక గది, తలుపు దగ్గర మీరు నీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నారు. మంచం మీద ఉన్నది యొహాన్ కోనిగ్. లిన్నేయస్ దగ్గర స్వయంగా చదువుకున్నవాడు, తరంగంబాడిలో డేనులకు వైద్యం చేసి, ఆర్కాటు నవాబు దగ్గర చేసి, చివరికి కుంపిణీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. దక్షిణాన మొక్కల్ని కొత్త పద్ధతిలో వెతకడం నేర్పిన మనిషి. రక్త విరేచనాలు. రాక్స్‌బర్గ్ పక్కనే ఉన్నాడు, చెయ్యగలిగింది లేదు. కోనిగ్ కాగితాలన్నీ లండన్‌లో మొక్కల పండితుడు జోసఫ్ బ్యాంక్స్‌కు చేరేలా రాసిపెట్టి పోయాడు. మీరు చెంబు కింద పెట్టి బయటికొస్తారు. ఈ పనిలో మనిషి పోయినా కాగితం మిగలాలని వీళ్ళ లెక్క. ఇంజరంలో కాగితమే పోయింది.

మరిప్పుడు?

పెట్టెలు పోయాయి గానీ మొక్కలు పోలేదు. అవి గట్ల మీదా కంచెల మీదా కొండల మీదా ఉన్నచోటే ఉన్నాయి. ఎక్కడున్నాయో మీకు తెలుసు, మీకు తెలియనివి కొండవాళ్ళకు తెలుసు. కాబట్టి లేవండి. కత్తి, గోనెసంచి, చద్దిమూట. మళ్ళీ మొదలు.

పెద్దాపురం దాటి ఉత్తరంగా నడుస్తారు. వానలు పడి నెల దాటింది. మన్యం కొండల అంచులకు చేరేసరికి రాళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. ముందు నడిచే ముసలాయన ముళ్ళపొద దగ్గర ఆగుతాడు. మీకేమీ కనపడదు. ఆయన వేలు పెట్టి చూపిస్తే అప్పుడు కనపడుతుంది, ముల్లుకొమ్మకు చుట్టుకుపోయిన సన్నని తీగ. ఆకులు మందంగా, వేలితో నొక్కితే నీరున్నట్టు తెలుస్తాయి.

“దీని కింద దుంపుంటది బాబూ. మేం తింటాం,” అంటాడు ముసలాయన.

ముళ్ళు గీరుకుంటుంటే చెయ్యి లోపలికి పోనిచ్చి తీగను వెలుతురులోకి లాగుతారు. ఆకు పక్కన పువ్వు. ఇంతకు ముందు చూసిన ఏ పువ్వులోనూ లేని పోకడ. అడుగున చిన్న బుడగ, దాని మీద సన్నని గొట్టం, పైన అయిదు రేకులు. ఆ రేకులు విచ్చుకోలేదు; కొసలన్నీ ఒకచోట కలిసి, మధ్యలో సందులు వదిలాయి. వేలెడైనా లేని లాంతరు. ఆకుపచ్చ, కొసల దగ్గర ఊదా.

కత్తిమొనతో నిలువునా చీల్చండి. జాగ్రత్త, పువ్వు చిన్నది. గొట్టం లోపలంతా నూగు, వెంట్రుకలన్నీ కిందికి తిరిగి ఉన్నాయి. అడుగు బుడగలో ఏదో కదులుతోంది. నుసుమంత ఈగ. బతికే ఉంది.

వాసనకు సందులోంచి దూరింది. లోపలికి జారడం తేలిక, వెంట్రుకలు అటే తిరిగి ఉన్నాయి. పైకి రాబోతే అవే వెంట్రుకలు ఎదురు నిలుస్తాయి. బుడగలో గింగిరాలు కొడుతూ ఉంటే మూతికి పుప్పొడి మూట తగులుకుంటుంది. ఒక పూటో రోజో గడిచాక వెంట్రుకలు వాడిపోతాయి, పువ్వు తల వాలుస్తుంది, దారి తెరుచుకుంటుంది. ఈగ ఎగిరిపోయి, బుద్ధి రాక, ఇంకో పువ్వులో దూరుతుంది. ఈ తీగకు కావలసింది ఆ బుద్ధి రాకపోవడమే.

రాక్స్‌బర్గ్ ఈ తీగను సిరోపీజియా అనే ప్రజాతిలో చేర్చి, దుంపను బట్టి సిరోపీజియా బల్బోసా అంటాడు. ఇలాంటివే ఇంకో మూడింటికి అక్యుమినాటా, ట్యుబెరోసా, జున్సియా అని పేర్లు పెడతాడు. ఆ నాలుగూ ఆయన పుస్తకంలో వరసగా వస్తాయి. పేర్లు ఆయన పెట్టినవే, కాదనను. కానీ ముళ్ళపొద ముందు ఆగిన కాళ్ళు ఎవరివో మీరు చూశారు.

మొక్క తెచ్చి చేతికివ్వగానే మీవాళ్ళు దీన్నేమంటారు, తింటారా, పశువులు తింటాయా, ఏ రోగానికి వాడతారు అని ఆరా తీస్తాడు. మీరు తెలుగులో చెప్పింది ఆయన చెవికి వినపడినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటాడు. ఒక్కోసారి వంకరగా రాస్తాడు. తర్వాత చదివేవాళ్ళు ఏ మాట అయ్యుంటుందా అని తల గోక్కుంటారు. అయినా రాస్తాడు. పెట్టెలు పోయినవాడికి ఒకటి అర్థమై ఉండాలి: ఊరిజనం నోట్లో ఉన్న పేరు నీళ్ళకు తడవదు. తీగ పేరు తెలిస్తే తీగ మళ్ళీ దొరుకుతుంది.

అలా ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి, వాటితో కొత్తవీ వస్తున్నాయి. నల్ల చేవ ఉన్న తునికి. ఇప్ప. ఎండాకాలంలో ఆకు రాల్చి తెల్లగా నిలబడే తపసి. తపసికాయ కొయ్యడానికి మీరే ఎక్కారు, ఎవరూ వద్దనలేదు. ఎర్రని నూగుకాయల గుత్తి అరచేతిలోకి తీసుకున్నారు. మరుక్షణం చెయ్యి భగ్గుమంది. నూగంతా చర్మంలో దిగింది. గోకితే ఇంకా లోపలికి పోతుంది. కింద నిలబడ్డ కొండపిల్లలు పడీపడీ నవ్వుతారు. రాక్స్‌బర్గ్ ఆ చెట్టుకు స్టెర్క్యులియా యూరెన్స్ అని పేరు రాస్తాడు. మండించేది అని దాని అర్థం. మీ అరచేతికి ఆ లాటిన్ బాగానే అర్థమవుతుంది.

మోదుగ ప్రజాతికి బ్యుటియా అని పేరు పెట్టింది కూడా ఆయనే, బ్యూట్ ప్రభువు మీద. ఫాల్గుణంలో కొండంతా ఎర్రబడేలా పూసే చెట్టుకు, దాన్ని జన్మలో చూడని సీమ జమీందారు పేరు. అప్పటి మర్యాదలు అలాంటివి. గురువు హోప్ మీద హోపియా అన్నాడు, స్నేహితుడు జాన్ ఫ్లెమింగ్ మీద ఫ్లెమింజియా అన్నాడు. వీటిలో నాకు గురువుగారిది ఒక్కటే న్యాయంగా తోస్తుంది.

కొండ దిగిన మర్నాడు చలి మొదలవుతుంది.

ఎండ మాడుతోంది. మీరు వణుకుతున్నారు. దుప్పటి. ఇంకో దుప్పటి. పళ్ళు టకటకలాడుతున్నాయి. తర్వాత మంట. తర్వాత చెమట. రేపు బాగుంటుంది. ఎల్లుండి మళ్ళీ ఇదే వేళకు చలి.

మన్యం జ్వరం. మైదానం వాళ్ళు కొండెక్కాలంటే భయపడేది పులికి కాదు, దీనికే. సీమ మందు ఒకటుంది, సింకోనా బెరడు. దక్షిణ అమెరికానుంచి రావాలి, ఖరీదు. డాక్టరు మీ నోటికి ఇంకో కషాయం అందిస్తాడు. ఎర్రగా ఉంది. తాగకముందే చేదు ముక్కుకెక్కుతోంది. సోమిద చెక్క. తాగాలా, పారబొయ్యాలా? చలి మళ్ళీ రాబోతోందని వెన్ను చెబుతోంది. కళ్ళు మూసుకుని తాగేస్తారు. నాలిక మొద్దుబారుతుంది.

ఈ సర్కారు కొండల చెట్టునే ఆయన కొత్త జాతిగా వర్ణించాడు. దాని బెరడు సింకోనాకు బదులు పనికొస్తుందని జ్వరగాళ్ళ మీద పరీక్షించి, 1793లో లండన్‌లో చిన్న పుస్తకం అచ్చువేయించాడు. సింకోనాను అది గద్దె దించలేకపోయింది. కానీ తర్వాతివాళ్ళు ఆ చెట్టును వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు మన పేరునే లాటిన్ చేశారు: సోయ్మిడా.

జ్వరం వదిలి కాళ్ళకు బలం వచ్చేదాకా కొండ వద్దు. సామర్లకోటలో కూర్చోండి. కుంచె పట్టుకోండి.

ముందు సీమ కాగితం. పక్కన నీళ్ళ గిన్నెలో పొద్దున్న కోసిన కొమ్మ. రంగుల చిప్పలు. గుళ్ళో బొమ్మలు, అద్దకం గుడ్డ మీద లతలు వేసే చెయ్యి అయితే ఇక్కడ మొదటి రోజే తగువు. మీ చెయ్యి కొమ్మను రెండువైపులా సమంగా వంచబోతుంది. ఆయన వద్దంటాడు. ఉన్నది ఉన్నట్టు. ఎంతుంటే అంత, కొలతతో. పురుగు కొట్టిన ఆకుంటే పురుగు కొట్టినట్టే. అడుగున పువ్వు విప్పి, కేసరం విడిగా, అండాశయం విడిగా, గింజ విడిగా.

పువ్వు ఆగదు. ఉదయం ఊదాగా ఉన్నది మధ్యాహ్నానికి నల్లబడుతుంది. ముందు రంగు పట్టుకుంటారా, గీత పట్టుకుంటారా? రంగు. గీత రేపైనా దొరుకుతుంది. చిన్న ముక్క మీద ఊదా కలిపి, పువ్వు పక్కన పెట్టి చూస్తారు. ఎరుపు ఎక్కువైంది. మళ్ళీ. ఇప్పుడు నీలం ఎక్కువైంది. మళ్ళీ. పువ్వు తల వాలుస్తోంది. ఇదిగో, ఇదే. పులమండి, వెంటనే.

ఇలా 500 బొమ్మలు, వర్ణనలతో సహా, 1790ల మొదట్లో కట్టలు కట్టి ఓడల మీద లండన్ చేరాయి. జోసఫ్ బ్యాంక్స్ వాటిలోంచి 300 ఏరాడు. 1795లో మొదటి భాగం వెలువడింది, పేరు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’. మూడు సంపుటాలు, 300 పటాలు, ప్రతి పటానికీ చేత్తో రంగు. పెద్ద సైజు కాగితం, గొప్ప అచ్చు. రాక్స్‌బర్గ్ పేరుంది. మీరు వేసిన ఊదా ఉంది. మీ పేరు లేదు.

1791. వాన రాలేదు. నిరుడూ సరిగా లేదు.

సంచి భుజాన వేసుకుని అదే దారిన వెళ్తారు. దారి పక్కన మనుషులు కూర్చుని ఉన్నారు. కొందరు కూర్చున్నట్టు కనపడుతున్నారు, అంతే. పల్లెల్లో పొయ్యి పొగ లేదు. కాకులున్నాయి. చరిత్రలో దీనికి పుర్రెల కరువని పేరు పడుతుంది. మీరు మాత్రం కిందికి చూడకుండా నడుస్తున్నారు.

ముళ్ళపొద దగ్గర ఒకామె. చేతిలో మొన పోయిన కర్ర. తవ్వుతోంది. పక్కన పిల్లవాడు. తీగ ఎండింది, కానీ ఎక్కడ తవ్వాలో ఆమెకు తెలుసు. దుంప బయటపడుతుంది. గుండ్రంగా, కాస్త చపటగా, పిడికెడు.

మీరు వచ్చింది దాని కోసమే. డాక్టరు దుంప బొమ్మ వేయించాలన్నాడు, ఎండినది కాదు, తాజాది. ఆమె మీ సంచి చూస్తుంది. కత్తి చూస్తుంది. దుంపను కొంగులో దాచుకుంటుంది.

“నాలుగు రోజులైంది నాయనా.”

సంచిలో చద్ది ఉంది. మీకూ సాయంత్రం దాకా అదే. మార్చుకుంటారా? దుంప వదిలేసి పోతారా? చద్ది ఇచ్చి, దుంప కూడా వదిలేస్తారా? పిల్లవాడు ఏడవడం లేదు. ఏడిస్తే నయమనిపిస్తుంది.

మూట విప్పి అక్కడ పెడతారు. దుంప అడగరు. వెనక్కి తిరుగుతారు.

సామర్లకోటలో ఆ కరువు కాలంలో రాక్స్‌బర్గ్ రాసిన రాతల్లో పువ్వులతోపాటు తిండి కూడా కనపడుతుంది. కాలవ గట్ల మీదా బాటల వెంటా కొబ్బరి, తాడి, పనస, అరటి నాటాలనీ, వాన తప్పినా ఇవి ఎంతోకొంత చేతికిస్తాయనీ దొరతనానికి రాశాడు. సామర్లకోట తోటలో అప్పటికే మిరియం, కాఫీ, దాల్చినచెక్క వేసి చూస్తున్నాడు. వాటిలో కుంపిణీ లాభం చూసుకుందన్నది నిజమే. ఆయన కుంపిణీ జీతగాడు, మీరు ఆయన జీతగాళ్ళు. అయినా తిండిచెట్ల మాట రాసిన చెయ్యి ఆ దారిన నడిచిన మనిషిదే.

1793లో ఆయన్ను కలకత్తా తోటకు పెద్దను చేశారు. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా బొమ్మలు వేసే పని ఆగలేదు. ఆయన కాలంలో మొత్తం తయారైనవి 2,500కు పైనే. ఒక్కొక్కటీ రెండు ప్రతులు. ఒక వరస సీమకు, ఒక వరస కలకత్తాలో. రెండు ప్రతులు ఎందుకని ఇంజరం చూసిన మీరు అడగరు. మన అశోకానికి ఆయన అక్కడే జోనీసియా అశోకా అని పేరు పెట్టాడు, సంస్కృత పండితుడు విలియం జోన్స్ మీద. తర్వాత జోన్స్ పేరు పోయింది, ప్రజాతి సరాకా అయింది. అశోక మిగిలింది.

ఇక రాతప్రతి. జీవితమంతా రాసిన ‘ఫ్లోరా ఇండికా’. 1813లో ఆరోగ్యం చెడి ఓడెక్కేముందు దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? కలకత్తా దగ్గరి శ్రీరాంపురంలో విలియం కేరీ ఉన్నాడు. మిషనరీ, అచ్చు యంత్రం ఉంది, మొక్కల పిచ్చి ఉంది. కుంభి చెట్టుకు రాక్స్‌బర్గ్ కేరియా అని పేరు పెట్టింది ఆయన మీదే. కానీ ఆ అచ్చాఫీసు ఏడాది కిందటే, 1812 మార్చిలో, తగలబడింది. కాగితం, రాతప్రతులు కాలిపోయాయి, సీసపు అచ్చులు కరిగి ముద్దయ్యాయి. కేరీ రాస్తున్న తెలుగు వ్యాకరణం కూడా అందులో పోయింది.

నీళ్ళు చూసినవాడు నిప్పు చూసినవాడి దగ్గరికి వచ్చాడు. మీరైతే ఇస్తారా?

ఇచ్చాడు.

1814లో కేరీ ముందు కలకత్తా తోట జాబితా అచ్చువేశాడు, సుమారు 3,500 మొక్కలు. 1815 ఫిబ్రవరి 18న ఎడిన్‌బరోలో రాక్స్‌బర్గ్ పోయాడు. ‘ఫ్లోరా ఇండికా’ ఆయన కళ్ళతో చూడలేదు. 1820లో, 1824లో రెండు భాగాలు వచ్చాయి, 1832లో మొత్తం మూడు సంపుటాలుగా వచ్చింది. మొక్క పేరు, లాటిన్ లక్షణం, ఆ కింద బెంగాలీ పేరు, తెలింగ పేరు. ముసలాయన ముళ్ళపొద దగ్గర చెప్పినలాంటి మాటలు, వంకర అక్షరాల్లో, ఇప్పటికీ చదువుకోవచ్చు.

పుస్తకం మూసి బయటికి రండి. ఈ ఏడు వానలు పడ్డాయి. ఆగస్టు దాటాక ఏ రాతిగుట్ట వారనైనా ముళ్ళకంచెల్లోకి వంగి చూడండి. వారగా, తీరిగ్గా చూడాలి, నిలబడి చూస్తే కనపడదు. తీగ దొరికితే దుంప జోలికి పోకండి, తవ్వితే వచ్చే ఏడు అక్కడ తీగ ఉండదు. గుట్టల్ని కంకరకు కొట్టుకుపోతున్నాక ఆ తీగలు అసలే తగ్గాయి. మరీ ఆగలేకపోతే పువ్వొకటి కోసి, బ్లేడుతో నిలువునా చీల్చండి. ఈగ బతికుంటే మొహం పక్కకు పెట్టుకోండి, బయటికి రావడం రావడం కంట్లోకే వస్తుంది.